ముప్పై ఐదు దాటాక మళ్లీ ట్రాక్ మీదికి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకప్పుడు ట్రాక్ మీద పోటీపడి, ఆ తర్వాత ఉద్యోగం, సంసారం, నడుంనొప్పి ఇలా ఏదో ఒకదానితో సైకిల్‌ని అటకెక్కించినవాళ్లు మళ్లీ పోటీల వైపు చూస్తున్నప్పుడు అడిగే ప్రశ్నలివి. కొత్తగా నేర్చుకునేవాళ్లకీ కొన్ని పనికొస్తాయి గానీ, రాసింది మాత్రం తిరిగొచ్చేవాళ్లని దృష్టిలో పెట్టుకునే. కొత్తవాళ్లు భయపడతారు కాబట్టి నిదానంగా వెళ్తారు. తిరిగొచ్చినవాళ్లకి పాత టైమింగులు గుర్తుంటాయి, మొదటి వారమే వాటి వెంట పడతారు. కింది జవాబుల్లో సగం ఆ తొందరని ఆపడానికే.

ఎన్నేళ్లు దాటితే మాస్టర్స్? నా వర్గం ఎలా తేలుతుంది?

అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య, అంటే యూసీఐ లెక్కలో 35 నుంచి మాస్టర్స్. అక్కణ్నుంచి ఐదేళ్లకో వర్గం: 35-39, 40-44, 45-49, అలా పైకి. కొన్ని దేశాల్లో సొంత పోటీలకి 30 నుంచే మొదలుపెడతారు. వయసు లెక్క పోటీ రోజుది కాదు, ఆ ఏడాది డిసెంబరు 31 నాటిది. నవంబరులో 50 నిండేవారు ఆ జనవరి నుంచే యాభై వర్గంలో ఆడతారు. వర్గంలో అందరికన్నా చిన్నవాళ్లుగా ఉండే ఆ ఏడాది మంచి అవకాశం. తిరిగొచ్చేవాళ్లు చాలామంది దాన్నే గురిపెట్టుకుని రెండేళ్ల ముందునుంచి తయారవుతారు. తెలివైన పనే.

యూసీఐ మాస్టర్స్ ట్రాక్ ప్రపంచ పోటీలకి జాతీయ జట్టులో చోటు దొరకాల్సిన పని లేదు. మాస్టర్స్ లైసెన్స్ ఉంటే పేరు ఇవ్వొచ్చు. ఆ ఏడాది ఎలైట్, అంటే అగ్రశ్రేణి రైడర్ల ప్రపంచ పోటీల్లోనో ప్రొఫెషనల్ జట్టులోనో ఉన్నవాళ్లకి మాత్రం అడ్డంకులుంటాయి. మాంచెస్టర్, లాస్ ఏంజెలెస్ వెలోడ్రోమ్‌లు, అంటే సైకిల్ ట్రాక్ ఉన్న స్టేడియాలు, ఈ పోటీలకి ఆతిథ్యమిచ్చాయి.

ఈ వయసులో నిజంగా పుంజుకోగలమా, లేక ఊరికే ఊరడింపా?

పుంజుకోవచ్చు. పుంజుకున్నా పాతికేళ్ల మనిషి మాత్రం తిరిగి రాడు.

ఇలాంటిచోట ఫ్రాన్స్ రైడర్ జానీ లాంగో, జర్మనీ రైడర్ యెన్స్ వాయిట్ పేర్లు చెప్పడం మామూలే. లాంగో 2000లో 42 ఏళ్ల వయసులో గంటలో 45.094 కిలోమీటర్లు తొక్కారు. వాయిట్ 43వ పుట్టినరోజు మర్నాడు, 2014 సెప్టెంబరు 18న, 51.110 కిలోమీటర్లతో గంట రికార్డు పట్టారు. కానీ వాళ్లిద్దరూ సైకిల్ దిగినవాళ్లు కాదు. మనకి దగ్గరి ఉదాహరణ ఫ్రాన్స్‌కి చెందిన రొబేర్ మర్షాన్. యవ్వనంలో తొక్కి, దశాబ్దాలు వదిలేసి, అరవైల చివర్లో మళ్లీ మొదలుపెట్టారు. 2012లో నూరేళ్ల వయసులో గంటకి 24.251 కిలోమీటర్లు, 2014లో 102 ఏళ్ల వయసులో 26.927 కిలోమీటర్లు తొక్కారు. రెండేళ్లు పెద్దవారై, దూరం పెంచారు.

ఆ మధ్యలో ఏం జరిగిందన్నది నాకు రికార్డుకన్నా ఆసక్తికరం. శరీరధర్మ శాస్త్రవేత్త వెరోనిక్ బియా బృందం ఆయన్ని దగ్గరగా గమనించింది. శిక్షణలో 80 శాతం తేలిగ్గా, 20 శాతం గట్టిగా. రెండేళ్లలో ఆయన శరీరం ఆక్సిజన్‌ని వాడుకునే గరిష్ఠ సామర్థ్యం, అంటే వీవో2 మ్యాక్స్, 31 నుంచి 35కి చేరింది. గరిష్ఠ పవర్ 90 వాట్ల నుంచి 125కి పెరిగింది. పరీక్షలో పెడల్ తిప్పే వేగం నిమిషానికి 69 నుంచి 90 చుట్లకి వెళ్లింది. ఒక్క మనిషి మీద చేసిన పరిశీలన కాబట్టి అందరికీ వర్తిస్తుందనలేం. కానీ తేలిక రోజులు నిజంగా తేలిగ్గా ఉండాలన్న పాత మాటకి ఇంతకన్నా మంచి సాక్ష్యం వెతకనక్కర్లేదు.

మామూలుగా వ్యాయామం లేనివారిలో వీవో2 మ్యాక్స్ పదేళ్లకి సుమారు 10 శాతం పడిపోతుంది. గట్టిగా సాధన కొనసాగించేవారిలో ఆ జారుడు దాదాపు సగానికి తగ్గుతుంది. మధ్యలో వదిలేసినవారు రెండిటి మధ్యా ఎక్కడో ఉంటారు.

మొదలుపెట్టే ముందు ఏ పరీక్షలు చేయించుకోవాలి?

గుండెవి. 35 దాటినవాళ్లలో వ్యాయామ సమయంలో హఠాత్తుగా ప్రాణం మీదికి రావడానికి ఎక్కువగా కారణం గుండె రక్తనాళాల్లో పూడికే. ట్రాక్ మీద శ్రమ మెల్లగా పెరగదు. సైకిల్‌ని పట్టి ఉంచే స్టార్ట్ గేటు వదిలిన కొద్ది సెకన్లలోనే ఒళ్లంతా గరిష్ఠానికి వెళ్లిపోతుంది. అందుకే ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్ష, డాక్టర్ అవసరమనుకుంటే ఎకో (గుండె స్కాన్), రక్తపోటు, కొలెస్ట్రాల్, చక్కెర చూపించుకోండి. తండ్రికో అన్నకో చిన్నవయసులోనే గుండెపోటు వచ్చి ఉంటే అది తప్పక చెప్పండి. ట్రెడ్‌మిల్ రిపోర్టు బాగుంటే ఇక దిగుల్లేదని కాదు. తొక్కుతున్నప్పుడు ఛాతీ పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా, గుండె లయ తప్పి కొట్టుకున్నా ఆ రోజుకి దిగిపోవాల్సిందే.

ఏళ్ల తరబడి ఎండ్యూరెన్స్, అంటే ఎక్కువసేపు ఓర్చుకునే సాధన చేసినవాళ్లలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ సమస్య కాస్త ఎక్కువ కనిపిస్తుంది. కాబట్టి ‘నేను పాత అథ్లెట్‌ని, నా గుండె వేరు’ అన్న ధీమా వద్దు.

బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) వేసుకునేవాళ్లు హార్ట్‌రేట్ లెక్కలు పక్కన పెట్టి, పవర్‌ని గానీ ఆయాసాన్ని గానీ కొలతగా పెట్టుకోండి. మిగతావాళ్లకైనా గరిష్ఠ హార్ట్‌రేట్‌ కోసం 220లోంచి వయసు తీసేసే సూత్రం మనిషి మనిషికీ పది పన్నెండు బీట్లు అటూ ఇటూ అవుతుంది.

ట్రాక్ మీద ఒకప్పుడు ఆరితేరినవాణ్ని. మళ్లీ ఇండక్షన్ క్లాసులు, అంటే ట్రాక్ మీద తొక్కడం మొదట్నుంచి నేర్పేవి, ఎందుకు?

చాలా వెలోడ్రోమ్‌లు అడుగుతాయి, పాత పతకాలు చూపించినా ఊరుకోవు. ఊరుకోకపోవడమే మంచిది.

బ్రేకుల్లేవు, పెడల్ ఆగదు. వెనక చక్రం తిరిగినంతసేపూ కాలూ తిరగాల్సిందే. రోడ్డు సైకిల్ మీద ఏళ్లు గడిపినవాళ్లకి వంపులో కాలు ఆపడం నరాల్లోకి ఇంకిపోయి ఉంటుంది. ట్రాక్ మీద అలా ఒక్క క్షణం ఆపబోతే పెడల్ తొడని పైకి ఎగదోస్తుంది, జీను మీంచి మనిషి లేస్తాడు. 250 మీటర్ల ట్రాక్‌లో వంపుల దగ్గర వాలు 42 నుంచి 45 డిగ్రీల దాకా ఉంటుంది. పైనించి కిందికి చూస్తే గోడలాగే ఉంటుంది. గంటకి 30 కిలోమీటర్లకి తక్కువగా వంపు ఎక్కితే టైరు జారే ప్రమాదం ఉంది. భయపడి నెమ్మదించడమే పడేస్తుంది.

అసలు సమస్య వేరే ఉంది, దాని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. మెడ. లైన్ మారే ముందు కుడి భుజం మీదుగా వెనక్కి చూడాలి. ఇరవైల్లో గడ్డం భుజాన్ని తాకేది. యాభైల్లో, అదీ నడుం వంచి డ్రాప్స్ (హ్యాండిల్ కింది వంపులు) పట్టుకున్నప్పుడు, మెడ సగంలో ఆగిపోతుంది. ఇంకా చూడాలని ఒళ్లు తిప్పితే చెయ్యి తెలియకుండానే హ్యాండిల్‌ని లాగుతుంది, సైకిల్ అరడుగు పక్కకి పోతుంది. వెనకున్నవాళ్లకి ఆ అరడుగే చాలు. ట్రాక్‌కి వెళ్లడానికి నెల ముందునుంచే మెడ, వీపు పైభాగం తిప్పే వ్యాయామాలు చేయండి. ఇంట్లో రోలర్ల (సైకిల్ ఉన్నచోటే తొక్కడానికి కింద తిరిగే గొట్టాలు) మీద తొక్కుతూ, వెనక గోడ మీద అంటించిన కాగితాన్ని చూసి చక్రం కదలకుండా ముందుకి తిరగడం ప్రాక్టీస్ చేయండి.

లైన్లు మారలేదు. నల్లది కొలత గీత, ఎర్రది స్ప్రింటర్లది, దానిపైన నీలం గీత. అడుగున లేత నీలం పట్టీ మీద పోటీలో తొక్కకూడదు. మీరు కింద వెళ్తుండగా పైవాడు దిగబోతే ‘స్టే’ అని అరవాలి. మొహమాటపడకండి.

ఎన్నాళ్లకి పాత ఫామ్ వస్తుంది?

ఒక్కో అవయవం ఒక్కో వేగంతో వస్తుంది, చిక్కంతా అందులోనే. ఊపిరి ముందుగా సర్దుకుంటుంది. కొన్ని వారాల క్రమమైన సాధనతో మెట్లెక్కినా ఆయాసం తగ్గి, ఉత్సాహం వస్తుంది. పెడలింగ్ నైపుణ్యం కూడా త్వరగానే గుర్తొస్తుంది. కండరం నెలలు తీసుకుంటుంది. ఒకప్పుడు బలంగా ఉన్న కండరం కొత్తవాళ్లకన్నా త్వరగా తిరిగి పెరుగుతుంది, అది మన అదృష్టం. అన్నిటికన్నా వెనకబడేవి స్నాయువులు. మోకాలి చిప్ప కింద, మడమ వెనక ఉండే ఆ తాళ్లకి రక్త ప్రసరణ తక్కువ, వయసుతో బిగుసుకుపోతాయి, బరువుకి అలవాటుపడటానికి చాలా నెలలు అడుగుతాయి.

కాబట్టి ప్రమాదకరమైన సమయం మొదటి వారం కాదు, రెండో నెల, మూడో నెల. ఊపిరి ఉంది, కాళ్లు తిరుగుతున్నాయి, టైమింగ్ తగ్గుతోంది. అప్పుడే పెద్ద గేరు వేసి స్టాండింగ్ స్టార్ట్‌లు మొదలెడతారు. నిలబడ్డ సైకిల్‌ని కదిలించడానికి మొదటి అర చుట్టులో మోకాలి మీదా నడుం మీదా పడే బరువు, మొత్తం రేసులో ఇంకెక్కడా పడదు. నా అభిప్రాయం అడిగితే, మొదటి ఆరు నెలలు గేటు స్టార్ట్‌లు వద్దు. కావాలంటే చిన్న గేరులో, నడిచే వేగం నుంచి ఎత్తుకునేవి చేయండి.

ఇప్పుడు అందరూ పెద్ద గేర్లు వేస్తున్నారు. నేనూ వేయాలా?

మీ కాలంలో 48-15 (పెడల్ దగ్గర 48 పళ్లు, వెనక చక్రానికి 15) అంటే మర్యాదైన గేరు. ఇప్పుడు దాన్ని వార్మప్‌కి వాడుతున్నారు. కారణం ఫ్యాషన్ కాదు. గాలి తక్కువ కోసే పొజిషన్లు, టైర్లు, దుస్తులు మెరుగయ్యాక వేగం పెరిగింది. అదే గేరుతో ఆ వేగం అందుకోవాలంటే కాళ్లు మరీ వేగంగా తిప్పాలి.

లెక్క చూడండి. 48 పళ్ల చైన్‌రింగ్, 15 పళ్ల స్ప్రాకెట్ వేస్తే పెడల్ ఒక చుట్టుకి సైకిల్ దాదాపు 6.7 మీటర్లు పోతుంది. 250 మీటర్ల ల్యాప్‌ని 20 సెకన్లలో కొట్టాలంటే, అంటే గంటకి 45 కిలోమీటర్లు, నిమిషానికి దాదాపు 112 చుట్లు తిప్పాలి. 50-14 వేస్తే చుట్టుకి 7.5 మీటర్లు, 100 చుట్లు చాలు. వయసుతో వేగంగా తిప్పే శక్తి బలంకన్నా త్వరగా తగ్గుతుంది కాబట్టి పెద్ద గేరు ఊరటే అనిపిస్తుంది. కానీ దాన్ని కదిలించే బరువు మోకాళ్ల మీదే పడుతుంది. మొదటి సీజన్ చిన్న గేరుతో కాళ్ల చురుకుదనం తిరిగి తెచ్చుకోండి. తర్వాత ఒక్కో పన్ను చొప్పున మార్చండి. చైన్‌రింగ్‌లో ఒక పన్ను తేడా చిన్నది, స్ప్రాకెట్‌లో ఒక పన్ను పెద్ద గంతు. 48-15 నుంచి నేరుగా 48-14కి వెళ్లకుండా 49-15, 50-15 మీదుగా వెళ్లండి.

స్ప్రింటా, ఎండ్యూరెన్సా?

కుర్రతనంలో స్ప్రింటర్లయినవాళ్లు వయసొచ్చాక పర్సూట్ (స్ప్రింట్‌కన్నా ఎక్కువ దూరం, గడియారంతో పోటీపడి తొక్కేది) వైపు జరుగుతుంటారు. వేగంగా సంకోచించే కండర తంతువులే ముందు తగ్గుతాయి కాబట్టి అది సహజం. కానీ మీ వర్గంలో మిగతావాళ్లకీ అవే తగ్గాయి. పుట్టుకతో వచ్చిన స్ప్రింటర్ అరవైలోనూ తన ఈడువాళ్లలో స్ప్రింటరే. మనసుకి నచ్చింది ఎంచుకోండి, చాలు.

బరువులు ఎత్తాలా? సైకిల్ తొక్కితే కాళ్లకి సరిపోదా?

సరిపోదు. ఈ వయసులో వారానికి రెండుసార్లు బరువులు తప్పనిసరి అంటాను. కండరం కోసం ఒక్కటే కాదు, ఎముక కోసం. సైకిల్ మీద శరీర బరువు జీను మోస్తుంది, ఎముకకి దెబ్బ తగలదు కాబట్టి గట్టిపడదు. ఏళ్లుగా సైకిల్ ఒక్కటే తొక్కినవాళ్లలో వెన్నెముక కింది భాగం ఎముక సాంద్రత తక్కువగా ఉండటం తరచూ కనిపిస్తుంది. పడటం మామూలైన ఆటలో ఇది చిన్న విషయం కాదు. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, ఒంటికాలి మెట్లు, డాక్టర్ ఒప్పుకుంటే చిన్న గెంతులు. యాభై దాటిన ఎవరైనా ఒకసారి ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ చేయించుకుంటే పరిస్థితి తెలుస్తుంది.

మహిళలకి వేరే జాగ్రత్తలున్నాయా?

మెనోపాజ్ దాటాక ఈస్ట్రోజెన్ తగ్గి, ఎముక వేగంగా పలచబడుతుంది. పైన చెప్పిన బరువుల మాట వీళ్లకి రెట్టింపు వర్తిస్తుంది. నిద్ర చెదరడం, ఒంట్లో వేడి ఆవిర్లు వల్ల కోలుకోవడం ఆలస్యమైతే ఆ వారం షెడ్యూల్ తగ్గించుకోవడంలో తప్పులేదు. హార్మోన్ చికిత్సలో వాడే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్‌లకి నిషేధం లేదు. టెస్టోస్టెరాన్ కలిపి ఇస్తే మాత్రం నిషేధిత జాబితాలోకి వస్తారు, క్రీం అయినా సరే. డాక్టర్‌కి ముందే చెప్పండి.

బీపీ మాత్ర వేసుకుంటాను. డోప్ పరీక్ష గురించి భయపడాలా?

భయం వద్దు, మాత్ర పేరు మాత్రం చదవాలి. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ, అంటే వాడా నిషేధిత జాబితా వయసు చూడదు. బీపీకి ఇచ్చే మాత్రల్లో చాలావాటిలో హైడ్రోక్లోరోథయజైడ్ కలిసి ఉంటుంది. అది డైయూరెటిక్, అంటే మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు, ఎప్పుడైనా నిషేధమే. సైక్లింగ్‌లో బీటా బ్లాకర్లకి నిషేధం లేదు. ఇన్సులిన్, టెస్టోస్టెరాన్ నిషేధిత జాబితాలో ఉన్నాయి. స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు పోటీ సమయంలో కుదరవు. మోకాలి ఇంజెక్షన్ కూడా అందులోకే వస్తుంది. నొప్పికి ట్రమడాల్‌ని 2024 నుంచి వాడా పోటీల్లో నిషేధించింది. ఉబ్బసానికి సాల్బుటమాల్ ఇన్‌హేలర్ పరిమితి లోపల వాడొచ్చు.

నిజంగా అవసరమైన మందుకి చికిత్స మినహాయింపు, అంటే టీయూఈ, అడగొచ్చు. డాక్టర్ రిపోర్టులు జతచేసి ముందుగానే దరఖాస్తు పెట్టండి. పోటీ కోసం మాత్ర మీ అంతట మీరు ఆపేయొద్దు. వేరే మందుకి మార్చగలరేమో డాక్టర్‌నే అడగండి.

‘ముసలివాళ్లని ఎవరు పరీక్షిస్తారులే’ అనుకునేవాళ్లకి ఒక్క సంగతి. 2018లో అమెరికా మాస్టర్స్ ట్రాక్ పోటీల్లో 90 ఏళ్ల రైడర్ రికార్డు కొట్టిన రోజు పరీక్షలో ట్రెన్‌బోలోన్ అనే కండలు పెంచే స్టెరాయిడ్ ఆనవాళ్లు దొరికాయి. ముందురోజు పరీక్ష శుభ్రంగా ఉంది. మధ్యలో తిన్న లివర్ కూరలోంచి వచ్చి ఉండొచ్చని అక్కడి డోపింగ్ నిరోధక సంస్థే తేల్చి, బహిరంగ హెచ్చరికతో సరిపెట్టింది. రికార్డు మాత్రం పోయింది. ఆయన వాడిన సప్లిమెంట్ ఒకదానిలోనూ వేరే నిషేధిత పదార్థం కలిసి ఉందని తేలింది. కాబట్టి పొడుల డబ్బాలు కొనే ముందు ఆలోచించండి.

వారానికి ఎన్ని రోజులు తొక్కాలి?

గట్టి రోజులు రెండే. ఒకటి ట్రాక్ మీద, ఒకటి ఎక్కడైనా. వాటి మధ్య కనీసం రెండు రోజుల ఎడం. పాతికేళ్లప్పుడు మంగళ, బుధ, గురువారాలు వరసగా కొట్టిన షెడ్యూల్ ఇప్పుడు పుస్తకంలోనే ఉండనివ్వండి. ఏడు రోజుల వారానికి కట్టుబడాల్సిన పని కూడా లేదు, తొమ్మిది పది రోజుల చక్రం చాలామందికి బాగా కుదురుతుంది. మిగతా రోజులు మాట్లాడుతూ తొక్కగలిగినంత తేలిగ్గా.

వయసుపైబడ్డ కండరం ప్రొటీన్‌కి మొద్దుగా స్పందిస్తుంది. రోజు మొత్తానిదీ రాత్రి భోజనంలోనే తినకుండా పూటపూటకీ పంచుకోండి. ఒక్కో పూట కిలో శరీర బరువుకి 0.4 గ్రాముల చొప్పున ఉంటే మంచిది. కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లు డాక్టర్ చెప్పినట్టే నడుచుకోవాలి.

నా పాత ట్రాక్ సైకిల్ పనికొస్తుందా?

చాలావరకు. ట్రాక్ హబ్‌ల వెడల్పు అప్పుడూ ఇప్పుడూ ఒక్కటే, ముందు 100 మిల్లీమీటర్లు, వెనక 120. ఆధునిక చక్రాలు పాత ఫ్రేముకి పడతాయి. ముందు చక్రం చిన్నదిగా ఉండే లో-ప్రొఫైల్ పర్సూట్ ఫ్రేములు మాత్రం పోటీలకి కుదరవు, రెండు చక్రాలూ ఒకే సైజు ఉండాలన్నది ఇప్పటి నియమం. చేతులు బారుగా ముందుకి చాచే ‘సూపర్‌మ్యాన్’ పొజిషన్‌ని యూసీఐ 1996లోనే ఆపేసింది. అల్యూమినియం హ్యాండిల్‌బార్, స్టెమ్ ఏళ్లతరబడి అలసిపోయి ఉంటాయి, మార్చేయండి. చక్రానికి జిగురుతో అంటించే ట్యూబ్యులర్ టైర్లయితే ఆ జిగురు ఎండిపోయి ఉంటుంది. పాతది పూర్తిగా గీకేసి మళ్లీ అంటించాలి. పాత హెల్మెట్ అయితే చెత్తబుట్టలోకే.

మొదటి పోటీకి ఏ ఈవెంట్?

ఒంటరిగా తొక్కేది. పర్సూట్, టైమ్ ట్రయల్, లేదా ఫ్లయింగ్ 200 (వేగం అందుకున్నాక 200 మీటర్లకి టైమ్ తీసేది). పెద్ద వయసు వర్గాలకి పర్సూట్ దూరం తగ్గిస్తారు కాబట్టి మీ వర్గానికి ఎంతో పోటీ వివరాల్లో చూసుకోండి.

గుంపు రేసులకి ఒక సీజన్ ఆగండి. పాయింట్స్ రేసులో పది ల్యాప్‌లకోసారి 5, 3, 2, 1 పాయింట్ల కోసం స్ప్రింట్, గుంపుకన్నా ఒక పూర్తి ల్యాప్ ముందుకి వెళ్తే 20 పాయింట్లు. కాళ్లతోపాటు లెక్కలూ వేయాలి, చుట్టూ పదిమంది లైన్లు మారుతుంటారు. మాస్టర్స్‌లో పోటీదారులు తక్కువైతే రెండు మూడు వర్గాల్ని కలిపి ఒకే రేసు పెడతారు, పతకాలు విడిగా ఇస్తారు. అంటే మీ పక్కన మీకన్నా పదేళ్ల చిన్నవాడుంటాడు. అతని చక్రం వెనకే అంటిపెట్టుకుని వెళ్లలేకపోయినా మీ వర్గంలో మీరు ముందుండొచ్చు. స్టార్ట్ లిస్టులో మీ వర్గంవాళ్ల నంబర్లు ముందే గుర్తుపెట్టుకోండి.

పడితే?

కాలర్‌బోన్, పక్కటెముకలు, తుంటి. చెక్క ట్రాక్ అయితే పేళ్లు గుచ్చుకుంటాయి, పెద్దవాటిని అక్కడే లాగేయకుండా డాక్టర్‌కి చూపించండి. టెటనస్ ఇంజెక్షన్ గడువు దాటనివ్వకండి. రక్తం పలచబడే మందు వాడేవాళ్లు తలకి దెబ్బ తగిలితే బాగానే ఉందనిపించినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే. ఇలాంటి మందు వాడుతూ గుంపు రేసుల్లోకి దిగడం నాకైతే సమ్మతం కాదు.

పోటీ రోజు ఏం తీసుకెళ్లాలి?

రోలర్లు, 15 మిల్లీమీటర్ల స్పానర్, స్ప్రాకెట్ విప్పడానికి చైన్ విప్, రెండు మూడు స్ప్రాకెట్లు, ఈవెంట్ల మధ్య వేసుకోవడానికి వెచ్చని బట్టలు. వార్మప్ కుర్రాళ్లకన్నా ఎక్కువసేపు కావాలి, కాబట్టి ముందే చేరుకోండి. చదివే కళ్లజోడు మరిచిపోవద్దు, స్ప్రాకెట్ మీద చెక్కిన పళ్ల సంఖ్య అది లేకుండా కనపడదు. తొక్కేటప్పుడు పెట్టుకునేది మాత్రం వేరే ఉండాలి. తల దించి ఏరో బార్ల (ముంజేతులు ఆనించే హ్యాండిల్) మీద వాలినప్పుడు చూపు అద్దం పైఅంచు దగ్గర్నుంచి పోతుంది. మామూలు ఫ్రేము అంచు సరిగ్గా అక్కడే అడ్డొస్తుంది, ముందున్న వంపూ ల్యాప్ బోర్డూ కనిపించవు. పైన ఫ్రేము లేని స్పోర్ట్స్ గ్లాసెస్‌కి మీ పవర్ వేయించుకుని, పోటీకి ముందే ఒకసారి ట్రాక్ మీద పెట్టుకుని చూడండి.